పని బోర్డుకూ సైటు లెక్కలకూ మధ్య ఒక చిట్టా

"ఏమ్మా, మొన్న చెకౌట్ పేజీ మార్చామన్నారు. తేడా ఏమన్నా కనబడిందా?"

చెన్నై టీ నగర్‌లో చీరల కొట్టు నడిపే ఒక తెలుగు కుటుంబం ఉందనుకుందాం. వెంకటగిరి, ఉప్పాడ, మంగళగిరి చీరలు కొట్టులోనూ అమ్ముతారు, వెబ్‌సైటులోనూ అమ్ముతారు. సైటులో కొనేవాళ్లు అడ్రసు ఇచ్చి డబ్బు కట్టే చోటే చెకౌట్ పేజీ. సైటు పని చూసేది పెరుంగుడిలో ఉన్న ఐదుగురి జట్టు. సోమవారం పొద్దున పెద్దాయన ఫోన్ చేసి ఈ ఒక్క మాట అడిగితే చాలు, జట్టంతా వెతుకులాటలో పడుతుంది. ఒకరు, ఒక్కో పనికి ఒక్కో కార్డు పెట్టుకునే ట్రెల్లో బోర్డు తెరుస్తారు. ఆ పని 'అయిపోయింది' వరుసలోనే ఉంటుంది, కానీ సైటు మీదికి ఏ రోజు ఎక్కిందో అక్కడ రాసి ఉండదు. ఇంకొకరు సైటుకు వచ్చినవాళ్ల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్ తెరుస్తారు. గీత ఒకచోట కాస్త లేచి ఉంటుంది, ఎందుకు లేచిందో మాత్రం తెలియదు. మూడో మనిషి వాట్సాప్ గ్రూపులో 'లైవ్ చేశా' అన్న మెసేజి కోసం వేలితో వెనక్కి తోస్తూనే ఉంటారు. చివరికి పెద్దాయనకు దొరికే జవాబు, 'పెరిగినట్టే ఉంది సార్' అని.

ఆయన డబ్బు పెట్టి చేయించుకున్న పని అది. 'ఉన్నట్టే' అన్న మాట కంటే మంచి జవాబు ఆయనకు దక్కాలి. ఆ జవాబు రాకపోవడానికి కారణం జట్టు బద్ధకం కాదు. పని ఎవరు చేశారో ఒక సాఫ్ట్‌వేర్‌కు తెలుసు, సైటుకు వచ్చినవాళ్లు ఏం చేశారో ఇంకొకదానికి తెలుసు. రెండింటికీ మధ్య మాటల్లేవు.

వాటి మధ్య మాటలు కలపడానికి ఒకప్పుడు ప్రోగ్రామర్ కావాల్సి వచ్చేది. ఇప్పుడు అక్కర్లేదు. 2011లో మొదలైన జాపియర్, ప్రేగ్‌లో ఇంటిగ్రోమాట్ పేరుతో పుట్టి 2022లో పేరు మార్చుకున్న మేక్, 2019లో బెర్లిన్‌లో మొదలైన ఎన్8ఎన్ అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్లు చేసే పని ఒకటే: ఒకచోట ఏదైనా జరిగితే ఇంకోచోట ఏదైనా జరిపించడం. మొదటిదాన్ని ట్రిగ్గర్ అంటారు, రెండోదాన్ని యాక్షన్ అంటారు. చెన్నై వాళ్లకు ఇందులో సొంతూరి సరుకు కూడా ఉంది. 1996లో యాడ్వెంట్‌నెట్‌గా మొదలై 2009లో పేరు మార్చుకున్న జోహో ఇదే పనికి జోహో ఫ్లో, పని బోర్డు కోసం జోహో ప్రాజెక్ట్స్ అమ్ముతోంది. ఏది వాడాలన్నది పెద్ద ప్రశ్నేమీ కాదు. జట్టు ఇప్పటికే ఏ బోర్డు వాడుతోందో దానితో సజావుగా కలిసేది ఏదైనా సరిపోతుంది. తేలాల్సిన ప్రశ్న వేరు: ఏ సమాచారం ఎటు వెళ్లాలి?

చాలామంది మొదట పట్టే దారి తప్పుదారి

కార్డు 'అయిపోయింది' వరుసలోకి జరగగానే అనలిటిక్స్‌లోకి ఒక ఈవెంట్ (ఫలానాది జరిగిందన్న నమోదు) పంపేద్దామన్న ఆలోచన అందరికీ ముందుగా వస్తుంది. పంపొచ్చు కూడా. గూగుల్ అనలిటిక్స్ 4కు మెజర్‌మెంట్ ప్రోటోకాల్ అనే తలుపు ఉంది. బయటి సర్వరు ఏదైనా ఆ తలుపులోంచి ఈవెంట్లు లోపలికి వేయగలదు. ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల పని.

కానీ ఆ తలుపు కట్టింది వేరే అవసరానికి. దాంట్లోంచి వెళ్లే ప్రతి ఈవెంటుకూ ఒక క్లయింట్ ఐడీ తప్పనిసరి. అంటే సైటుకు వచ్చిన మనిషి ఎవరో చేసిన పనిగానే అది నమోదవుతుంది. పెరుంగుడిలో ఒకరు కార్డు జరిపితే, చీరలు చూడటానికి వచ్చిన వాళ్ల లెక్కలో అది కలుస్తుంది. బియ్యంలో రాళ్లు మనమే పోసి తరవాత ఏరుకున్నట్టు. ఇంకో చిక్కు, తప్పుగా పంపినా ఆ తలుపు తప్పని చెప్పదు. ఈవెంట్ రూపం సరిగా లేకపోయినా 'అందింది' అన్న జవాబే వస్తుంది. తప్పులు చూపించడానికి గూగుల్ విడిగా ఒక పరీక్షా చిరునామా ఇచ్చింది గానీ, దాన్ని వాడాలని తెలిసినవాళ్లే వాడతారు. ఆటోమేషన్‌లో ఆకుపచ్చ టిక్కు పడుతూనే ఉంటుంది, అనలిటిక్స్‌లో మాత్రం ఏమీ చేరదు.

వీటి కంటే పెద్ద ప్రమాదం కార్డు శీర్షికలో ఉంటుంది. పని బోర్డుల మీద జనం ఏం రాస్తారో చూస్తే తెలుస్తుంది: 'ఫలానావిడకు డబ్బు తిరిగి రాలేదట, నంబరు ఇదీ' అని పేరూ ఫోనూ శీర్షికలోనే పెట్టేస్తారు. ఆ శీర్షిక యథాతథంగా అనలిటిక్స్‌లోకి వెళ్తే గూగుల్ నిబంధనల ప్రకారమే తప్పు. మనిషిని గుర్తుపట్టగల వివరాలు అందులోకి పంపకూడదు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉంది. అందుకే ఎటు పంపినా పని నంబరు మాత్రమే వెళ్లాలి, శీర్షిక వెళ్లకూడదు.

ఫలానా తేదీన ఫలానా మార్పు జరిగిందని గ్రాఫు మీదే గుర్తు పెట్టుకోవాలంటే దానికి వేరే ఏర్పాటు ఉంది. పాత యూనివర్సల్ అనలిటిక్స్‌లో గ్రాఫు కింద చిన్న గమనికలు రాసుకునే సౌకర్యం ఉండేది. 2023 జులై 1న అది కొత్త లెక్కలు తీసుకోవడం మానేశాక ఆ సౌకర్యం కరవైంది. 2025లో గూగుల్ అనలిటిక్స్ 4లోకి మళ్లీ వచ్చింది. పెద్ద మార్పులకు అక్కడ ఒక గమనిక చేత్తో రాసుకున్నా మేలే.

చిట్టా అంటే అదే

టీ నగర్ కొట్టు పెద్దాయనకు చిట్టా అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ రోజు జరిగింది ఆ రోజే, జరిగిన వరుసలోనే రాసుకునే పుస్తకం అది. ఖాతాల్లోకి ఎక్కించడం తరవాత. సైటు జట్టుకు కావలసిందీ అదే: పని బోర్డూ కాని, అనలిటిక్సూ కాని మూడోచోట ఒక చిట్టా. గూగుల్ షీట్ చాలు. రెండు వైపుల నుంచీ ఆటోమేషన్ దాంట్లోకే రాయాలి. రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకదాని కడుపులో ఇంకొకటి చెయ్యి పెట్టుకోకుండా ఉంటాయి.

ఒక పద్దు ఇలా ఉంటుంది. పని నంబరు. సైటు మీదికి ఎక్కిన తేదీ, గంట. మారిన పేజీ చిరునామా. ఒక్క వాక్యంలో ఏం మారింది. ఏ అంకె కదలాలని అనుకున్నారు. మొదటి మూడూ ఆటోమేషన్ నింపుతుంది. చివరి రెండూ మనిషే రాయాలి, అదీ పని సైటు మీదికి ఎక్కకముందే రాయాలి. ఏ అంకె కదలాలన్న గడి ఖాళీగా ఉంటే కార్డును వెనక వరుసలోకి పంపేసి, 'ఇది రాయండి' అని కామెంటు పెట్టేలా ఆటోమేషన్‌ను అమర్చుకోవచ్చు. మొత్తం ఏర్పాటులో ఎక్కువ విలువ చేసే మెట్టు ఇదే. మార్పు చేశాక గ్రాఫు చూస్తే పెరిగిన గీత ఏదో ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. అది తమ పనివల్లే పెరిగిందని నమ్మడం ఎవరికైనా తేలికే. ముందే రాసి పెట్టుకుంటే ఆ వెసులుబాటు ఉండదు.

పెద్దాయన అడిగిన చెకౌట్ మార్పునే దగ్గరగా చూద్దాం. అడ్రసు ఫారంలో పిన్‌కోడ్ గడిని తాకితే ఫోనులో అక్షరాల కీబోర్డు తెరుచుకుంటోంది. ఆరు అంకెలు కొట్టడానికి కొనేవాళ్లు కీబోర్డు మార్చుకోవాలి. గడిని తాకగానే అంకెల కీబోర్డే వచ్చేలా మార్చారు. చిన్న పని, కార్డు నంబరు 212 అనుకుందాం. ఏ అంకె కదలాలి? 'అమ్మకాలు' అని రాస్తే అది జవాబు కాదు. అమ్మకాలు ధర వల్ల మారతాయి, పండగ వల్ల మారతాయి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఒక వీడియో వల్లా మారతాయి. పిన్‌కోడ్ గడి మార్పు తాకేది ఒక చిన్న మెట్టును: చెకౌట్ మొదలుపెట్టిన వాళ్లలో డబ్బు కట్టే వివరాల దాకా ఎంతమంది చేరుతున్నారు. గూగుల్ అనలిటిక్స్ 4లో ఈ రెండు మెట్లకూ విడివిడిగా ఈవెంట్లు ఉన్నాయి, బిగిన్ చెకౌట్, యాడ్ పేమెంట్ ఇన్ఫో అని. అదీ ఫోన్లలో వచ్చినవాళ్ల లెక్కే, ఎందుకంటే కంప్యూటరులో కీబోర్డు ఇబ్బందే లేదు. కంప్యూటరులో కూడా ఆ నిష్పత్తి అంతే పెరిగితే, పెరగడానికి కారణం పిన్‌కోడ్ గడి కాదన్నమాట.

కొన్న వాళ్ల సంఖ్యను కాకుండా ఈ మెట్టును ఎంచుకోవడానికి మన దేశానికే చెందిన కారణం ఇంకొకటి ఉంది. యూపీఐతో కట్టేవాళ్లు సైటు వదిలి ఫోన్‌పేలోకో గూగుల్ పేలోకో వెళ్తారు. డబ్బు కట్టాక, 'పేమెంట్ సక్సెస్' చూశాక చాలామంది అక్కడి నుంచే ఫోను పక్కన పెట్టేస్తారు. సైటులో 'ధన్యవాదాలు' పేజీ తెరుచుకోదు. కొనుగోలు ఈవెంట్ ఆ పేజీలో ఉంటే అది నమోదే కాదు. కొట్టులో ఆర్డరు ఉంటుంది, అనలిటిక్స్‌లో ఉండదు. పైన చెప్పిన మెజర్‌మెంట్ ప్రోటోకాల్ తలుపు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే: డబ్బు అందినట్టు పేమెంట్ గేట్‌వే (సైటు తరఫున డబ్బు తీసుకునే సేవ) చెప్పగానే సైటు సర్వరు నుంచి, ఆ కొన్న మనిషి క్లయింట్ ఐడీతోనే ఈవెంట్ పంపాలి. అది అమర్చేదాకా చిట్టాలో అమ్మకాల అంకెను ఆర్డర్ల పుస్తకం నుంచే తీసుకోవాలి. తిరిగి వచ్చే వాళ్లతోనూ ఒక తిరకాసు ఉంది. పేమెంట్ గేట్‌వే నుంచి వెనక్కి వచ్చిన మనిషి, గేట్‌వే సైటు పంపిన కొత్త మనిషిలా లెక్కలో పడొచ్చు. గేట్‌వే చిరునామాను అనలిటిక్స్‌లో వద్దనుకునే రిఫరల్స్ (మనుషుల్ని పంపే సైట్లు) జాబితాలో చేర్చితే ఇది ఆగుతుంది.

బయటికి పంపే లింకుల విషయంలో పని నంబరు ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. వాట్సాప్‌లో, ఈమెయిల్లో పంపే లింకు చివర యూటీఎం (మనిషి ఏ లింకు నుంచి వచ్చాడో అనలిటిక్స్‌కు చెప్పే తోక) క్యాంపెయిన్ పేరుగా కార్డు నంబరే పెడితే, ఆ పని తెచ్చిన మనుషులంతా అనలిటిక్స్‌లో ఆ నంబరు కిందే కనిపిస్తారు. సైటు లోపలి లింకులకు మాత్రం యూటీఎం తగిలించకూడదు. మనిషి నిజంగా ఎక్కడి నుంచి వచ్చాడన్న లెక్క కలగాపులగం అయిపోతుంది.

'అయిపోయింది' వేరు, 'ఎక్కింది' వేరు

కోడు రాసినవాళ్ల దృష్టిలో పని అయిపోవడం ఒకటి, అది సైటు మీదికి ఎక్కడం ఇంకొకటి. మధ్యలో టెస్టింగ్ ఉంటుంది, పెద్దాయన ఒప్పుకోలు ఉంటుంది, ఒక్కోసారి వారం గడుస్తుంది. కాబట్టి ట్రిగ్గర్ 'అయిపోయింది' మీద కాకుండా, బోర్డు మీద విడిగా పెట్టిన 'లైవ్' వరుస మీద ఉండాలి. ఆ వరుసలోకి వచ్చిన కార్డు పొరపాటున వెనక్కి వెళ్లి మళ్లీ రావడమూ మామూలే. ప్రతిసారీ కొత్త పద్దు పడకుండా, ముందు ఆ నంబరు చిట్టాలో ఉందేమో వెతికి, ఉంటే దాన్నే సరిదిద్దే మెట్టు ఒకటి పెట్టాలి.

గంటల లెక్క ఇంకా మోసం చేస్తుంది. సైటు మార్పులు సాధారణంగా కొనేవాళ్లు తక్కువగా ఉండే అర్ధరాత్రి దాటాక ఎక్కిస్తారు. 2025 జులై 14, సోమవారం తెల్లవారితే అనగా రాత్రి ఒంటిగంటకు 212వ పని ఎక్కిందనుకుందాం. అప్పటికి యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి కాలమానం) ప్రకారం ఇంకా 13వ తేదీ ఆదివారం, రాత్రి ఏడున్నర. బోర్డు యూటీసీలో తేదీ పంపితే, అనలిటిక్స్ భారత కాలమానంలో ఉంటే, చిట్టాలో మార్పు ఒక రోజు ముందే జరిగిపోతుంది. ఆదివారం అమ్మకాలు, సోమవారం అమ్మకాలు ఒకలా ఉండవు కదా. బోర్డు, ఆటోమేషన్, అనలిటిక్స్, షీట్ నాలుగింటిలోనూ కాలమానం సెట్టింగు ఒక్కసారి తెరిచి చూడటం ఐదు నిమిషాల పని. చూడకపోతే నెలల తరబడి లెక్క వంకరగానే ఉంటుంది.

అనలిటిక్స్ నుంచి అంకెలు తెచ్చే వైపు కూడా ఇలాంటిదే ఒకటుంది. గూగుల్ అనలిటిక్స్ 4లో లెక్కలు పూర్తిగా స్థిరపడటానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు. పొద్దున తొమ్మిదింటికి నిన్నటి లెక్క తెచ్చే ఆటోమేషన్ సగం ఉడికిన అన్నం వడ్డిస్తుంది. మూడు రోజుల కిందటి లెక్క తెచ్చుకోవడమే మంచిది. గంటగంటకూ చూసుకోవాలన్న ఆరాటానికి అర్థమూ లేదు, ఖర్చూ ఎక్కువ. ఆరు పేజీలను గంటకోసారి చూడమంటే నెలకు 4,320 సార్లు నడుస్తుంది. రోజుకోసారైతే 180. నడిచిన ప్రతి మెట్టుకూ లెక్కగట్టి డబ్బు తీసుకునే సేవల్లో ఈ తేడా నేరుగా బిల్లులో కనబడుతుంది.

ఆషాఢం, ఆడి, శ్రావణం

ఆటోమేషన్‌కు అందరూ చెప్పే పోలిక 'పోయినేడాది ఇదే తేదీతో చూడు' అని. చెన్నైలో తెలుగువాళ్ల చీరల కొట్టుకు ఈ పోలిక అసలు పనికిరాదు. అరవం వాళ్ల ఆడి మాసం సౌరమానం, కాబట్టి ఏటా జులై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా ఉంటుంది. తెలుగువాళ్ల ఆషాఢం చాంద్రమానం, దాని తేదీలు ఏటా ముందుకో వెనక్కో జరుగుతాయి. 2025లో ఆషాఢం జూన్ 26న మొదలై జులై 24 అమావాస్యతో ముగిసింది, ఆడి జులై 17న మొదలైంది. అంటే ఎనిమిది రోజులు రెండు తగ్గింపుల కాలమూ ఒకదానిమీద ఒకటి పడింది. ఆ తరవాత తెలుగు కొనుగోలుదారులకు శ్రావణం, వరలక్ష్మీ వ్రతం చీరలు. అదే సమయంలో అరవ కొనుగోలుదారులు ఇంకా ఆడి తగ్గింపులోనే ఉన్నారు. వరలక్ష్మీ వ్రతం 2024లో ఆగస్టు 16న వస్తే 2025లో ఆగస్టు 8న వచ్చింది. ఉగాది అంతే: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. తేదీకి తేదీ పోల్చే యంత్రం ఒక వారం 'అమ్మకాలు కూలిపోయాయి' అని గగ్గోలు పెడుతుంది, మరుసటి వారం 'రికార్డు' అంటుంది. రెండూ అబద్ధాలే.

చిట్టా షీటులోనే ఇంకో పేజీలో ఈ పండగల తేదీలు, తగ్గింపుల తేదీలు రాసి పెట్టుకుని, పోల్చే ముందు ఆటోమేషన్ దాన్ని చూసేలా చేయాలి. పంచాంగం చూసి ఏడాదికి ఒక గంట కూర్చుంటే అయిపోయే పని. వారాన్ని వారంతో, సోమవారాన్ని సోమవారంతో, తగ్గింపు రోజును తగ్గింపు రోజుతో పోల్చాలి. చిన్న సైట్లకు ఇంకో జాగ్రత్త కావాలి. వారానికి 40 ఆర్డర్లు వచ్చే చోట ఆరేడు అటూఇటూ అవడం మామూలు ఊగిసలాటే, దానికి కారణం వెతికి ప్రయోజనం లేదు. చీరల కొట్టులో వానపడ్డ సాయంత్రానికీ పడని సాయంత్రానికీ అంత తేడా ఉంటుంది.

లెక్కల నుంచి పనిలోకి వచ్చే దారి గురించి రెండు మాటలు చాలు. ఏదైనా పేజీ విరిగిపోతే, చెకౌట్ నిష్పత్తి ఒక్కసారిగా పడిపోతే బోర్డు మీద దానంతటదే కార్డు తయారవడం నిజంగా ఉపయోగపడుతుంది. కానీ ఒక పేజీకి తెరిచి ఉన్న కార్డు ఒక్కటే ఉండాలి. మళ్లీ అదే ఇబ్బంది కనబడితే పాత కార్డులోనే కామెంటు పడాలి. లేకపోతే రెండు వారాల్లో బోర్డు నిండిపోతుంది, ఆ తరవాత అసలైన హెచ్చరిక వచ్చినా ఎవరూ తల తిప్పి చూడరు.

ఎవరి లాగిన్‌తో నడుస్తోంది?

చెన్నైలోనూ బెంగళూరులోనూ ఉద్యోగాలు మారడం ఎంత మామూలో తెలిసిందే. ఈ ఆటోమేషన్‌లు చాలాచోట్ల, మొదట ఉత్సాహంగా కట్టిన మనిషి సొంత లాగిన్ మీదే నడుస్తుంటాయి. ఆ మనిషి నోటీస్ పీరియడ్ ముగిసి, ఆఫీసు మెయిల్ మూసేసిన రోజే బోర్డుకూ అనలిటిక్స్‌కూ ఉన్న అనుమతులు పోతాయి. ఎర్ర అక్షరాల్లో మెయిల్ వస్తుంది నిజమే, మూసేసిన ఆ ఇన్‌బాక్స్‌కే వస్తుంది. చిట్టాలో పద్దులు ఆగిపోతాయి. హెచ్చరికలు రాకపోవడం, అంతా సవ్యంగా ఉండటం బయటికి ఒకేలా కనబడతాయి. అందుకని లాగిన్ జట్టు పేరున ఉండాలి. పైగా ప్రతి సోమవారం చిట్టాలో ఆటోమేషన్ తనంతట తాను ఒక ఖాళీ పద్దు వేయాలి, 'నడుస్తున్నాను' అని. అది పడని సోమవారం ఎవరో ఒకరు లేచి చూస్తారు.

ఇంకొక్క విషయం పట్టుదలగా కాపాడుకోవాలి. ఈ చిట్టాను అప్రైజల్‌లోకి రానివ్వకూడదు. ఎవరి పని ఎంత అంకె కదిలించిందని జీతంతో ముడిపెట్టిన రోజు, పిన్‌కోడ్ గడి లాంటి పనులకు చేతులెత్తేవాళ్లు ఉండరు. త్వరగా కనబడే బ్యానర్ల కోసమే పోటీ మొదలవుతుంది. ఏ అంకె కదలాలన్న గడిలో కూడా, ఎలాగూ కదిలేదాన్నే రాయడం అలవాటవుతుంది.

ఇవన్నీ అమర్చాక జులై 21, సోమవారం పొద్దున పెద్దాయన ఫోన్ చేశారనుకుందాం. జట్టులో ఎవరు ఫోన్ ఎత్తినా ముందు చిట్టా తెరుస్తారు. 212 పద్దు ఉంటుంది. "14న రాత్రి ఒంటిగంటకు ఎక్కింది సార్. ఫోన్లలో చెకౌట్ మొదలుపెట్టినవాళ్లు డబ్బు కట్టే దాకా వస్తున్నారా అని చూడాలనుకున్నాం. మన ఆడి తగ్గింపు 17న మొదలైంది కాబట్టి 14, 15, 16 తేదీలనే తీసుకున్నాం. అంతకు ముందు వారం 7, 8, 9తో పోల్చాం, రెండూ ఆషాఢం తగ్గింపులోనే ఉన్నాయి. ఫోన్లలో పెరిగింది, కంప్యూటర్లలో అలాగే ఉంది. మూడు రోజుల లెక్కే కాబట్టి ఇప్పుడే గట్టిగా అనలేం. ఆగస్టు 16తో ఆడి అయిపోతుంది కదండీ, ఆ తరవాత రెండు వారాలు చూసి మళ్లీ చెప్తాం."